ఇరవై నిమిషాల ఎసరు

ఆగస్టు నెలలో ఏ అర్ధరాత్రో శంషాబాద్ విమానాశ్రయం ముందు నిలబడితే ఒక దృశ్యం కంటపడుతుంది. అమెరికా చదువుకు బయల్దేరిన పిల్లవాడి పెట్టె బరువెక్కువైందని అక్కడే నేలమీద పెట్టి తెరుస్తారు. ఏది తీసేయాలన్నది చర్చ. ఒక జీన్స్ ప్యాంటు బయటికొస్తుంది. లావుపాటి పుస్తకం ఒకటి వస్తుంది. దుప్పటికీ చోటు దక్కదు. ఆవకాయ జోలికి మాత్రం ఎవరూ వెళ్లరు. ఖాళీ ఎందుకు పోవాలని లోపల కందిపొడి పొట్లాలు కుక్కిన రైస్ కుక్కరు జోలికీ వెళ్లరు.

అమెరికా కరెంటుకు సరిపోయే 110 వోల్టుల కుక్కరును వెతికి మరీ కొని ఉంటారు. “బియ్యం ఒక గ్లాసుకు నీళ్లు రెండు. మీట నొక్కు, అంతే. ఇంకేం ముట్టుకోకు నాన్నా” అని తల్లి చివరి పాఠం చెబుతుంది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ కాఫీ కూడా కలుపుకోని కొడుకు సరేనంటాడు.

పొయ్యి దగ్గర నిలబడటం రాని పిల్లవాణ్ని ఒక డబ్బాను నమ్మి సముద్రాలు దాటించడం చిన్న విషయం కాదు. అది సమయానికి ‘టక్’మంటుంది, అన్నం మాడదు, ఇల్లు తగలబడదు. ఆ టక్ అన్నది ఎవరి పుణ్యమని అడిగితే మనలో చాలామంది నోరు వెళ్లబెడతాం. విమానం ఎవరు కనిపెట్టారో చెబుతాం. బల్బు ఎవరిదో చెబుతాం. రోజూ మనకు అన్నం పెట్టేదాన్ని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాం.

ఆ కథ జపాన్‌లో మొదలైంది. అన్నం మనకెంతో వాళ్లకూ అంతే. పూర్వం అక్కడ మట్టి పొయ్యి మీద బరువైన గుండ్రటి పాత్రలో, మందపాటి కొయ్య మూత పెట్టి వండేవారు. మనం గంజి వార్చినట్టు వాళ్లు వార్చరు. అత్తెసరు పద్ధతే. కొలిచి పోసిన నీళ్లన్నీ బియ్యం తాగేయాలి, అడుగంటకూడదు. మొదట సెగ మెల్లగా ఉండాలి, తర్వాత పెద్దమంట రావాలి, ఆఖర్న నిప్పులు వెనక్కి లాగాలి. ఆ పైన పసిపిల్ల గుక్కపెట్టి ఏడ్చినా సరే, మూత మాత్రం తీయకూడదని వాళ్లకో నానుడి. తెల్లవారుజామున లేచి పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలు నిప్పును చూడాలా, పిల్లను చూడాలా? పిల్లను చూడమని చెప్పిన నానుడి ఏ దేశంలోనైనా ఉందేమో వెతకాలి.

ఈ పని యంత్రానికి అప్పజెబుదామన్న ఆలోచన చాలామందికే వచ్చింది. అందులో ఒకరు మసారు ఇబుకా. తర్వాత సోనీ కంపెనీని నిలబెట్టిన మనిషి. 1945లో యుద్ధం ముగిసింది. ఫ్యాక్టరీలు మూతపడటంతో కరెంటు మిగిలిపోతోంది. తినడానికి మాత్రం తిండి లేదు. టోక్యోలో ఒక పెద్ద దుకాణం భవనంలో గది అద్దెకు తీసుకుని, చెక్క తొట్టె అడుగున అల్యూమినియం రేకులు బిగించి అన్నం వండే సాధనం చేశారు. నల్లబజారులో బియ్యం కొని తెచ్చి మరీ పరీక్షించారు. ఒకరోజు ముద్దయ్యేది, ఇంకోరోజు పలుకయ్యేది. బియ్యం మారితే ఒకలా, నీళ్లు మారితే ఇంకోలా వచ్చేది. ఆ తొట్టెలు అమ్మకానికి పోకుండానే మూలపడ్డాయి. ట్రాన్సిస్టర్ రేడియోతోనూ వాక్‌మన్‌తోనూ లోకాన్ని ఊపేసిన కంపెనీ తొలి అడుగులోనే అన్నం కుండ దగ్గర తడబడిందన్నమాట. నాకెందుకో ఈ సంగతి తలచుకుంటే ఆ కంపెనీ మీద గౌరవం పెరుగుతుంది.

అసలు కథ ఇంకో ఏడెనిమిదేళ్లకు ఊపందుకుంది. టోషిబా కంపెనీలో అమ్మకాలు చూసే షోగో యమదా అనే ఆయన వాషింగ్ మెషీన్ల ప్రచారం కోసం ఊళ్లు తిరిగేవాడు. అమ్మేవాడు సాధారణంగా తన సరుకు గొప్పే చెప్పుకుంటాడు. ఈయన మాత్రం వచ్చిన ఆడవాళ్లను ఒక మాట అడిగాడు: ఇంటి పనుల్లో మీ ప్రాణం తీస్తున్నదేది? బట్టలుతకడమని చెబుతారనుకుని ఉంటాడు. పూటపూటా అన్నం వండటమే కష్టమని చెప్పారు.

ఆ జవాబు పట్టుకుని కంపెనీకి వెళితే పెద్దలు పెదవి విరిచారని చెబుతారు. తాను నిద్రపోతుంటే అన్నం దానంతటదే ఉడకాలని కోరుకునే ఆడది ఏం ఇల్లాలని వాళ్ల అభిప్రాయమట. ఆ పెద్దలెవరికీ తెల్లవారుజామున లేచి పొయ్యి రాజేసే పని లేదన్నది వేరే చెప్పక్కర్లేదు.

యమదా ఆగలేదు. టోషిబాకు నీళ్లు కాచే హీటర్లు చేసి ఇచ్చే చిన్న కార్ఖానా ఒకటి టోక్యోలో ఉంది. దాని యజమాని యోషితదా మినమి. ఆర్డర్లు తగ్గి చిక్కుల్లో ఉన్నాడు. “అన్నం వండే యంత్రం చేయగలవా?” అని యమదా అడిగితే సరేనన్నాడు. ఆయనకు విద్యుత్తు తెలుసు, లోహాలు తెలుసు. అన్నం వండటం ఒక్కటే తెలియదు. అది తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంది. ఆయన భార్య ఫుమికో.

ఇక్కడినుంచి కథ ఆమెది. అన్నం చక్కగా ఉడకడమంటే ఏమిటో ముందు తేల్చాలి. రోజూ వండే మనిషికి అది చేతికి తెలుసు, ముక్కుకు తెలుసు. ఉడుకు శబ్దం మారితే చెవికి తెలుస్తుంది. కానీ యంత్రానికి చేతులూ ముక్కూ లేవాయె. దానికి అంకెలు కావాలి. అందుకని ఫుమికో కట్టెల పొయ్యి మీద వండింది, గ్యాసు మీద వండింది, భర్త చేసి ఇచ్చిన నమూనాల్లో వండింది. ఎన్ని బియ్యం, ఎన్ని నీళ్లు, ఎంత వేడి, ఎంతసేపు అన్నది ప్రతిసారీ రాసి పెట్టుకుంది. ఎండలో పెట్టి వండింది, చలిరాత్రి ఆరుబయట పెట్టి వండింది. అలా దాదాపు మూడేళ్లు. ఖర్చుల కోసం ఇల్లూ కార్ఖానా తాకట్టులోకి వెళ్లాయి.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలని మనవాళ్లంటారు. అది ఒక కుండకు సరిపోయే మాట. లక్ష ఇళ్లలో లక్షమంది నొక్కే మీటకు పూచీ పడాల్సి వచ్చినప్పుడు ఒక్క మెతుకుతో పని జరగదు. ఎన్ని కుండలైనా పట్టి చూడాల్సిందే.

ఈ కథ చదివినప్పుడల్లా నా మనసు దారితప్పి ఒక పిచ్చి ప్రశ్న దగ్గర ఆగుతుంది. చెడిపోయిన ఆ అన్నమంతా ఎవరు తిన్నారు? యుద్ధంలో బియ్యం కోసం అల్లాడిపోయిన దేశం. ఒక్క మెతుకు కూడా పారేయడానికి చేతులు రాని తరం. పొద్దున మాడిందీ, మధ్యాహ్నం పలుకైందీ, రాత్రి జావైందీ ఆ ఇంటివాళ్లే తిని ఉంటారని నా ఊహ. మన ఇళ్లలోనూ అంతేగా. కుండ అడుగున మాడిన అన్నం ఎప్పుడూ అమ్మ కంచంలోకే వెళ్లేది. అడిగితే, “నాకిదే ఇష్టంరా” అనేది. కొత్త వస్తువుకు పెట్టుబడి ఎంతైందని లెక్క తీసేటప్పుడు ఇలాంటి అన్నాలు ఏ ఖాతాలో రాస్తారో తెలియదు.

చివరికి ఫుమికో రాసుకున్న కాగితాల్లోంచి ఒక సంగతి తేలింది. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఇరవై నిమిషాలు అలా ఉడికితే బియ్యం లోపలిదాకా మెత్తబడుతుంది. అంతకంటే ఎక్కువసేపు ఉంచితే చెడుతుంది. అంటే ఇరవై నిమిషాలు కాగానే కరెంటు దానంతటదే ఆగాలి. మరి కుండకు ఆ ఇరవై నిమిషాలు ఎలా తెలుస్తాయి? ఎసరు ఎప్పుడు తెర్లుతుందో ముందే చెప్పలేం. బియ్యం ఎక్కువైతే ఆలస్యంగా తెర్లుతుంది, ఊరు చల్లగా ఉంటే ఇంకా ఆలస్యం. కాబట్టి గడియారం పెట్టి లాభం లేదు.

వాళ్లు చేసిన ఉపాయం ముచ్చటైనది. ఒక గిన్నెలో ఇంకో గిన్నె పెట్టారు. లోపలి గిన్నెలో బియ్యం, నీళ్లు. బయటి గిన్నెలో ఒక చిన్న గ్లాసుడు నీళ్లు. కింద వేడి తగిలితే ఆ గ్లాసుడు నీళ్లు మరిగి ఆవిరైపోవడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. నీళ్లున్నంతసేపూ వేడి నూరు డిగ్రీలు దాటదు. నీళ్లు అయిపోయాయో లేదో వేడి పైకి ఎగబాకుతుంది. రెండు లోహాలు కలిపి చేసిన చిన్న రేకు ఆ వేడికి వంగుతుంది, కరెంటు తెగుతుంది. గడియారం లేదు, మరచక్రం లేదు. ఆవిరయ్యే నీళ్లే కాలం లెక్కపెట్టాయి. ఇప్పటి చవక కుక్కర్లలో బయటి నీళ్లు లేవు. గిన్నె అడుగున ఒక అయస్కాంతం ఆ పని చేస్తుంది. అన్నంలో నీరు ఇంకిపోయి వేడి పెరగ్గానే దాని పట్టు సడలుతుంది. మనం వినే టక్ అదే.

పని అయిపోయిందనుకుంటే చలి అడ్డొచ్చింది. జపాన్ ఉత్తరాన హొక్కయిదో దీవిలో చలికాలం మంచు మేటలు వేస్తుంది. అక్కడి వంటిళ్లలో గిన్నెకు వేడి నిలవలేదు, లెక్క తప్పింది. చుట్టూ ఇంకో పొర బిగించి మధ్యలో గాలిని బంధించాక కుదుటపడింది. టోక్యోలో ఉడికితే సరిపోదు, హొక్కయిదోలోనూ ఉడకాలి. ఇలాంటి చోట్లే చాలామందికి ఓపిక చాలదు. తొంభై పాళ్లు అయిందిగా, బజారులో పెట్టేద్దాం, మిగతాది తర్వాత చూద్దామనే గొంతు ఒకటి ప్రతి కార్ఖానాలోనూ ఉంటుంది. అది చెడ్డ గొంతేమీ కాదు, పాపం. జీతాలివ్వాల్సిన గొంతు.

1955 డిసెంబరులో టోషిబా కుక్కరు బజారుకొచ్చింది. మొదట చేసినవి 700. ధర 3,200 యెన్లు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పట్టభద్రుడి నెల జీతంలో దాదాపు మూడో వంతు. దుకాణాలవాళ్లు మొదట నమ్మలేదు. యమదా మళ్లీ ఊళ్ల మీద పడ్డాడు. జనం ముందే బియ్యం పోసి, మీట నొక్కి, అన్నం వడ్డించి చూపించాడు. రాత్రి పడుకునే ముందు పెట్టుకుంటే తెల్లారేసరికి అన్నం సిద్ధమయ్యేలా టైమర్ కూడా ఇచ్చారు. నిద్ర విలువ తెలిసినవాళ్లు కొన్నారు. నాలుగైదేళ్లలో జపాన్ ఇళ్లలో దాదాపు సగానికి కుక్కర్లు చేరాయి. డబ్బా మీద టోషిబా పేరుంది. మినమి దంపతుల పేరు ఉండే అవకాశం లేదు. ఉండాలని వాళ్లు అనుకున్నారో లేదో కూడా తెలియదు.

ఇవాళ కొత్త వస్తువులు చేయడం ఒక చదువు. బిజినెస్ స్కూళ్లలో దానికి పాఠాలున్నాయి. కెనడాకు చెందిన ఆచార్యుడు రాబర్ట్ కూపర్ 1980ల్లో ఒక పద్ధతి రాసి పెట్టారు. ఆలోచన పుట్టింది మొదలు బజారుకు చేరేదాకా దశలుంటాయి, దశకూ దశకూ మధ్య ఒక ద్వారం ఉంటుంది. ద్వారం దగ్గర పెద్దలు కూర్చుని ముందుకు పోనివ్వాలా, ఇక్కడితో ఆపేయాలా అని తేలుస్తారు. మంచి పద్ధతే. డబ్బు వృథా కాకుండా కాపాడుతుంది. పెద్ద కంపెనీలు చాలా దాన్నే నమ్ముకున్నాయి.

ఆ దశల పటం చూసినప్పుడు మాత్రం నాకు చిన్న సందేహం కలుగుతుంది. ఫుమికో వంటిల్లు ఇందులో ఏ దశ? రెండో ఏడాది చివర్లో ఆమెను ఆ ద్వారం దగ్గర నిలబెట్టి ఏం సాధించావని అడిగితే ఏం చెప్పేది? మాడిన అన్నం లెక్కలు తప్ప చూపించడానికి ఆమె దగ్గరేముంది? ఆ లెక్కల్లోనే ఇరవై నిమిషాలు దాగున్నాయని అప్పటికి ఆమెకూ తెలియదు.

కంపెనీలో పైనున్నవాళ్ల కష్టం కూడా తక్కువది కాదు. ఎదురుగా ఇద్దరుంటారు. ఇద్దరూ ఇంకో ఆరు నెలలివ్వండనే అంటారు. ఒకరు నిజంగా ఒడ్డుకు దగ్గర్లో ఉంటారు, మరొకరు నడిసముద్రంలో ఉంటారు. మొహాలు చూస్తే ఇద్దరివీ ఒకలాగే ఉంటాయి. ఎవరికి గడువివ్వాలో చెప్పే లెక్క ఇంతవరకూ ఎవరూ కట్టలేదు. కట్టామన్నవాళ్లున్నారు, అది వేరే సంగతి.

గడువిచ్చి గెలిచిన కథ ఒకటి జపాన్‌లోనే ఉంది. 1980ల్లో ఒసాకాలోని మత్సుషిత కంపెనీ ఇంట్లోనే రొట్టె కాల్చుకునే యంత్రం చేయబూనింది. ఇవాళ పానసోనిక్ అంటున్నాం గానీ, గల్ఫ్ నుంచి మనవాళ్లు తెచ్చిన ‘నేషనల్’ టేప్ రికార్డర్లు ఆ కంపెనీవే. అప్పుడే అక్కడ రైస్ కుక్కర్లవాళ్లనూ, టోస్టర్లవాళ్లనూ, ఫుడ్ ప్రాసెసర్లవాళ్లనూ ఒకే విభాగం కింద కలిపారు. ఒకరికి ఉడుకు తెలుసు, ఒకరికి కాల్చడం తెలుసు, ఇంకొకరికి మోటారు తెలుసు. ముగ్గురూ కలిస్తే రొట్టె రాకేం చేస్తుందనుకున్నారు. వచ్చిన రొట్టె పైన మాడి లోపల పచ్చిగా ఉంది. నిపుణుడు పిసికిన పిండినీ, యంత్రం పిసికిన పిండినీ ఎక్స్‌రేలు తీసి పోల్చారు. ఏమీ తెలియలేదు.

అప్పుడు ఇకుకో తనకా అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒక మాటంది. ఊళ్లో మంచి రొట్టెకు పేరున్న ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్‌లో వంటవాడి దగ్గర తాను శిష్యరికం చేస్తానంది. కంపెనీ సరేనని పంపింది. ఆమె వెళ్లి పిండి పిసకడం నేర్చుకుంది. మొదట్లో ఆమె రొట్టెలూ బాగా రాలేదు. చూస్తూ చూస్తూ, చేస్తూ చేస్తూ ఉండగా ఒకనాడు కనిపెట్టింది. ఆయన పిండిని సాగదీయడమే కాదు, సాగదీస్తూ మెలితిప్పుతున్నాడు. ఆ సంగతి ఆయనెప్పుడూ చెప్పలేదు. దాస్తున్నాడనేం కాదు, అలా చేస్తున్నానని ఆయనకూ తెలియదు. చేతికి తెలిసినవన్నీ నోటికి తెలియవు. తిరిగొచ్చి ఇంజనీర్లతో కూర్చుని, గిన్నె లోపలి గోడలకు గట్లు పెట్టించింది. పిండి ఆ గట్లకు పట్టుకుని మెలిపడసాగింది. తర్వాత ఖర్చు తగ్గించే మార్గం దొరికితే, నాలుగు నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదని ఆగి, 1987 ఫిబ్రవరిలో 36,000 యెన్ల ధరకు బజారులో పెట్టారు. మొదటి ఏడాదే ఐదు లక్షలకు పైగా అమ్ముడైంది. వ్యాపారం చదివే పిల్లలు ఇప్పటికీ ఈ కథను పాఠంగా వింటారు. కంప్యూటరు ప్రోగ్రాములు రాసే ఉద్యోగిని పిండి పిసకడానికి పంపుతూ, ఆ దినాలకు జీతమిచ్చిన పై అధికారి ఎవరో గానీ, ఆయన మీద ఎవరూ పెద్దగా రాసినట్టు లేదు.

మనదేశంలోనూ ఇలాంటిదే ఒక ముచ్చట ఉంది. బొంబాయిలో సీమెన్స్ ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ ఇంట్లో జర్మనీ నుంచి వచ్చిన బ్రౌన్ మిక్సర్ కాలిపోయింది. కేకు పిండి గిలకొట్టడానికి చేసిన మోటారుకు నానిన మినప్పప్పు సంగతేం తెలుసు? ఎండు పసుపు కొమ్ము గురించి ఎవరు చెప్పారు? కొత్తది చేసిపెట్టమని భార్య మాధురి పోరింది. దాన్నుంచే సుమీత్ మిక్సీ పుట్టింది. ఎంతసేపు రుబ్బినా వేడెక్కి చావని మోటారు పెట్టడమే దాని కిటుకు. రోలూ సన్నికల్లూ ఇళ్లలోంచి పెరట్లోకి నడిచాయి. గోంగూర రోట్లో నూరితేనే రుచి అని ఇప్పటికీ అంటాం. ఆ మాట అనేవాళ్లలో నూరేవాళ్లు తక్కువ.

ఎదుటివాళ్ల కష్టం చూసి జాలిపడి చేసిన వస్తువులన్నీ గెలవాలనేం లేదు. వానలో ఒకే స్కూటరు మీద తడుస్తూ వెళ్తున్న కుటుంబాన్ని చూసి రతన్ టాటాకు నానో కారు ఆలోచన వచ్చింది. 2008 జనవరిలో లక్ష రూపాయల కారుగా దాన్ని లోకానికి చూపించారు. ఇంజనీర్లు నిజంగానే గొప్ప పని చేశారు. కానీ అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. పదేళ్లకు తయారీ ఆగింది. కారణాలు చాలానే చెబుతారు. సింగూరులో ఫ్యాక్టరీ భూముల గొడవ, కొన్ని కార్లలో మంటలు, ఇంకా ఏవేవో. నాకు తోచింది ఒకటుంది. స్కూటరు మీది కుటుంబం తడుస్తోందని ఆయన చూశారు. ఆ కుటుంబం ఎదురింటి వైపు చూస్తోందన్నది లెక్కలోకి రాలేదు. కారు కొన్నరోజు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, నలుగురికీ మిఠాయి పంచుకునే జాతి మనది. అందరికంటే చవకైనది కొన్నానని చెప్పుకోవడానికి ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? లేమిని తీర్చే వస్తువు లేమిని గుర్తుచేయకూడదు. చెప్పడం తేలికే గానీ, అది ముందుగా తెలుసుకునే ప్రయోగశాల ఏదీ నేను చూడలేదు.

కుక్కరుకు ఆ బాధ రాలేదు. దాన్ని కొన్న ఇల్లాలిని బీదదని ఎవరూ అనలేదు, మహా అయితే బద్ధకస్తురాలని అన్నారు. బద్ధకం కింద కొట్టుకుపోయిన మాట నిజానికి ఒక గంట నిద్ర.

వస్తువు బజారుకు చేరాక కూడా దాన్ని తయారుచేయడం ఆగదు. మత్సుషిత కుక్కర్లు హాంకాంగ్ వెళ్తే, అక్కడి వ్యాపారి విలియం మాంగ్ మూతకు అద్దం బిళ్ల పెట్టమని కోరారు. మూత తీయకుండా లోపల ఏమవుతోందో చూసుకోవాలని అక్కడివాళ్లకు ఉంటుందని ఆయనకు తెలుసు. జపాన్ ఇంజనీర్లకు అది తోచే వీల్లేదు, మూత తీయకూడదన్న నానుడి మధ్య పెరిగినవాళ్లాయె.

ఇక మన పిల్లలు. డాలస్‌లోనో డెట్రాయిట్‌లోనో నలుగురు అద్దెకుండే ఇంట్లో ఆ ఒక్క కుక్కరులోనే పప్పు ఉడుకుతుంది, ఉప్మా అవుతుంది, గుడ్లు ఉడుకుతాయి. పరీక్షల రాత్రి మ్యాగీ కూడా అందులోనే. పండక్కి పులిహోర కలపడానికీ అదే గిన్నె. వాటిలో సగం వంటలు ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండవు. మీట పైకి లేచినా ఉప్మా ఇంకా అవలేదని మళ్లీ నొక్కుతారు, అది మళ్లీ లేస్తుంది, వీళ్లు మళ్లీ నొక్కుతారు. యంత్రానికీ వాడేవాడికీ మధ్య ఈ బేరం ఫుమికో ఊహించి ఉండదు. చూసుంటే నవ్వుకునేది, పక్కన కాగితం పెట్టుకుని రాసుకునేదేమో కూడా.

మన పెద్దవాళ్లు మాత్రం కుక్కరుకు పూర్తిగా లొంగలేదు. కుక్కరు అన్నంలో గంజి పోదని, ఒంటికి బరువని, చక్కెర జబ్బు వాళ్లకు వార్చిన అన్నమే మంచిదని గొణుగుతూనే ఉన్నారు. ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు చూస్తే ‘లో షుగర్’ కుక్కర్లని కొత్త రకం బజారుకొచ్చింది. లోపల చిల్లుల గిన్నె ఉంటుంది. బియ్యం సగం ఉడికాక గంజి నీళ్లన్నీ కిందికి జారిపోతాయి, మిగతాది ఆవిరి మీద ఉడుకుతుంది. మామూలు కుక్కరు కన్నా ధర బాగా ఎక్కువ. గంజి వార్చే బాధ తప్పించాక, ఆ గంజిని మళ్లీ వార్చే పని యంత్రానికి నేర్పడానికి ఏదో ఊళ్లో ఇంజనీర్లు ఇంకొన్నేళ్లు కూర్చున్నారన్నమాట. ఆ ప్రయోగాల అన్నం ఎవరింటికి వెళ్లిందో.